పానాల పక్కన కొత్త గీత

ఏమండీ,

భోజనం టేబుల్ మీద మూత పెట్టి ఉంది. సింకు పక్క గిన్నెలో ఉన్నది కిరసనాయిలు, మీ తుప్పు పానాలు నానుతున్నాయి. చారనుకుని పోసుకోకండి. కుళాయి మూడు వారాలుగా కారుతోంది. ఇంట్లో అరవై పాత పానాలున్నా అవి చూసుకోవడానికేగానీ తిప్పడానికి కాదు కదా, అందుకని ప్లంబర్ని పిలిచాను. రేపు పొద్దున వస్తాడు.

మొన్న బొటనవేలంత పానా ఒకటి కనపడక ఇల్లు పీకి పందిరేశారు. గోడకి తగిలించిన ప్రతి పానా చుట్టూ గీత గీసుకున్నారుగా, ఏది లేకపోయినా ఇట్టే తెలిసిపోతుంది. పోయిన నెల నేను అక్క దగ్గర రెండు రోజులుండి వస్తే మాత్రం, "బజార్లో ఇంత ఆలస్యమైందేం?" అన్నారు.

మీ తప్పేం లేదులెండి, నా చుట్టూ గీత లేదు. అందుకే ఇవాళ ఆ గోడకే ఆనుకుని నిలబడి, మీ సుద్దముక్కతోనే తల నుంచి కాళ్ళ దాకా గీసేసుకున్నాను. రేపు అక్కకి ఆపరేషన్. ఆదివారం వస్తాను.

అన్నట్టు, కుడిచేతి చుట్టూ నాకు నేను గీసుకోవడం కుదరలేదు. వచ్చాక అక్కడే నిలబడతాను. అది మీరు గియ్యండి, పానాకి గీసినంత జాగ్రత్తగా.