సీసా ఖాళీగా ఉండెనని మనవి

పోలీసు రికార్డుల విభాగం అధికారి గారికి,
నీటి సరఫరా శాఖ పరీక్షాశాలలో సీనియర్ ఎనలిస్టు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా పేరిట గల "ఆత్మహత్యా యత్నం, మానసిక రోగి" అను నమోదును సవరించుట, ఉద్యోగ భద్రతా తనిఖీకి పంపిన నివేదికను ఉపసంహరించుట గురించి.

అయ్యా,

మనిషి ఎత్తయిన చోటు ఎక్కితే అది దూకడానికేనా? ఈ ప్రశ్న నన్ను పన్నెండేళ్లుగా వదలలేదు. తమ శాఖకు మాత్రం ఆ సాయంత్రమే జవాబు దొరికింది. ఆ జవాబు వల్ల నాకు కలిగిన ఇబ్బందులను ఈ దిగువ విన్నవించుకుంటున్నాను.

1. ల్యాబ్‌లోకి, క్లోరిన్ గదిలోకి వెళ్లే సిబ్బంది అందరికీ పోలీసు తనిఖీ తప్పనిసరి అని మా శాఖ ఈ ఏడాది ఉత్తర్వు ఇచ్చినది. ఉత్తర్వు సబబే. ఆ గదిలో ఒక సిలిండరు లీకైతే చుట్టుపక్కల వీధులు ఖాళీ చేయించాలి. లోపలికి ఎవరు వెళ్తున్నారో తెలియాల్సిందే. తమ కార్యాలయం నుంచి నా గురించి వచ్చినది ఒకే వాక్యం: "నీళ్ల ట్యాంకు పైనుండి దూకబోయిన మానసిక రోగి, అనుమానాస్పద ద్రవం గల సీసా స్వాధీనం." మరునాడు నా కార్డుకి ల్యాబ్ తలుపు తెరుచుకోలేదు.

2. సదరు సీసా గురించి. అది క్రిముల పరీక్షకు నీళ్లు పట్టే సీసా. ఆవిరిలో శుద్ధి చేసి, మూతికి కాగితం చుట్టి ఉంచుతాం. ట్యాంకులోంచి నమూనా తీయాలంటే దాని మెడకు తాడు కట్టి నీళ్లలోకి దించుతాం. ఆ రోజు అది ఖాళీ. చుట్టిన కాగితం కూడా విప్పలేదు. నిజంగా అందులో ద్రవమే ఉండి ఉంటే నేను నీళ్లు పట్టడానికే ఎక్కానని రుజువయ్యేది, తమకు ఈ శ్రమ ఇచ్చేదాన్ని కాదు.

3. ఆ ఏడాది నేను మానసిక వైద్యం చేయించుకుంటున్న మాట వాస్తవం. నిద్ర ఉండేది కాదు. ఎందుకు అంటే చెప్పలేను. కారణం దొరక్కపోవడమే ఆ జబ్బులో సగమని డాక్టరుగారు అన్నారు. తీసిన నమూనా తీయలేదేమోనని పదే పదే అనుమానం వచ్చేది. అలాగే ఒక సెలవు రోజు సాయంత్రం ల్యాబ్‌కి వెళ్లి, సీసా తీసుకుని అక్కడి నీళ్ల ట్యాంకు ఎక్కాను. నేను ఫోన్ ఎత్తకపోయేసరికి మా అక్క వెతుక్కుంటూ వచ్చి, తలెత్తి చూసి, తమ వారిని పిలిచింది. వచ్చిన హెడ్ కానిస్టేబుల్ గారు నిచ్చెన మొదట్లో నిలబడి, "అమ్మా, నాకు మోకాళ్ల నొప్పులు. నన్నంత పైకి ఎక్కించకు తల్లీ. నువ్వే కాస్త దిగిరా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. దిగాను. పాపం ఆయన మోకాళ్లని చూసే దిగానేమో కూడా. తమ శాఖ నాకు చేసిన మేలు అది. రికార్డులో అదొక్కటే లేదు.

4. ప్రస్తుతం నన్ను మూడో అంతస్తులో ఫిర్యాదుల విభాగంలో కూర్చోబెట్టారు. "కుళాయిలో నీళ్లు పచ్చగా వస్తున్నాయండీ" అని జనం ఫోన్ చేస్తారు. రాసుకుంటాను. వెళ్లి పరీక్షించే అధికారం లేదు. నేను వచ్చిన వారంలోనే అటెండరు కిటికీ గొళ్లేనికి తీగ చుట్టాడు. ఎందుకయ్యా అంటే, "గాలి ఎక్కువ కొడుతోందని, మేడమ్" అన్నాడు, నా మొహం చూడకుండా. ఒకరోజు నోరు జారి "అబ్బా, ఉక్కకి చచ్చిపోతున్నాం" అన్నాను. గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి.

5. నన్ను మళ్లీ ల్యాబ్‌లోకి రానివ్వాలా వద్దా తేల్చడానికి సోమవారం మా శాఖ కమిటీ కూర్చుంటుంది. ఆలోగా నేనొక ధ్రువీకరణపై సంతకం చేయాలి: "గతంలో ఆత్మహత్యకు యత్నించితిరా? అవును / కాదు." అవునంటే ల్యాబ్ తలుపు ఇక తెరుచుకోదు. కాదంటే తమ నివేదికకు విరుద్ధం కనుక తప్పుడు వాంగ్మూలం కింద ఉద్యోగమే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా సూపరింటెండెంటు గారు, "కాదని గీకి పారేయండమ్మా, పన్నెండేళ్ల కిందటిది ఎవడు తవ్వుతాడు?" అన్నారు. తనిఖీకి పంపి తవ్వించినది ఆయన సంతకమేనని నేను గుర్తు చేయలేదు. మా అక్క మాత్రం ఏడ్చింది. "నేను పిలిచింది సాయానికే, సర్టిఫికెట్టుకి కాదు కదే! ఇలా అవుతుందని తెలిస్తే..." అని ఆగిపోయింది. తెలిస్తే పిలిచేది కాదా? రేపు ఇంకో అక్క ఫోన్ చేతిలో పట్టుకుని ఇదే ఆలోచిస్తూ నిలబడిపోతే ఏమవుతుందో తమరే యోచించవలెను.

6. ప్రార్థన. మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. క్రిమి కనబడకపోతే "లేదు" అని రాయం, "ఈ నమూనాలో కనబడలేదు" అని రాస్తాం. చూసినంతే రాయడం మా నియమం. తమ వారు చూసినది ఇంతే: ఒక ఆడమనిషి ట్యాంకు మీద నిలబడి ఉన్నది, చేతిలో ఖాళీ సీసా ఉన్నది, పిలిస్తే దిగినది. అంతవరకు ఉంచి మిగతాది కొట్టివేయించగలరు. నేను పనికి తగుదునా లేదా అన్నది ఇవాళ నన్ను పరీక్షించి డాక్టరుగారు చెప్పగలరు. ఆ పరీక్షకు నేను సిద్ధం.

సోమవారానికి ముందే చిత్తగించవలెను. తర్వాత చిత్తగించినా నాకు పనికిరాదు.

తమ విధేయురాలు,
సీనియర్ ఎనలిస్టు (సోమవారం వరకు)

తా.క.: పైదంతా అక్కకు చదివి వినిపించాను. "చాల్లే, బాగుంది, పంపెయ్" అంది. ఈ కింది మాట ఆమెకు తెలియదు. కానీ చూసినంతే రాయమని తమకు చెప్పి, నేను చూసినది దాచుకోవడం నాకు మింగుడు పడలేదు. ట్యాంకు దిగాక నన్ను చేర్చిన ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చి ల్యాబ్‌లో అడుగు పెట్టిన రోజున, గోడ మేకుకి నమూనా తాడు వేలాడుతూ కనిపించింది. అంటే నేను సీసా పట్టుకుని, తాడు లేకుండా ఎక్కాను. తాడు లేనిదే నీళ్లు అందవని నాకు తెలియనిది కాదు. నిద్రలేని మనిషి తాడు మరిచిపోవడం వింతా కాదు. ఆ రోజు దాన్ని మరిచిపోయానో, అక్కర్లేదని వదిలేశానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ధ్రువీకరణలో దేన్ని కొట్టివేయాలో కూడా.