అవ్వ పాసైన పరీక్ష

చి. సౌ. నిరోషకు,

ఎల్లారెడ్డి నుంచి మీ బాపు హన్మండ్లు దీవించి రాసేది. నేను, మీ అవ్వ ఇద్దరం క్షేమమని రాయడం పద్ధతి గనుక రాస్తున్నాను. భీవండిలో నువ్వు, అల్లుడు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. రాజేశంతో పంపిన నీ ఉత్తరం అందింది. ఫోన్లో చెప్పొచ్చు కదా అనకు. మీ అవ్వ చెవులు పోయి పదేళ్లు. నేను ఫోనెత్తితే ఎదురుగా కూర్చుని నా పెదాలు చూసి మాటలన్నీ పట్టేస్తుంది. ఆమె ముందు చెప్పలేని సంగతులున్నాయి.

మతిమరుపు సర్వేవాళ్లు నిజంగా వచ్చారా అని అడిగావు. వచ్చారు. హైదరాబాద్ నుంచి నలుగురు, మెడలో కార్డులు వేలాడేసుకుని. మన గల్లీలో అరవై దాటినవాళ్లందరినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. నీ వయసు కూడా లేని ఒక పిల్ల, భూదవ్వను వందలోంచి ఏడు తీసెయ్యమంది. "ఏడెందుకు తీసుడు బిడ్డా, ఎవలికియ్యాలె?" అంది భూదవ్వ. తప్పట. ఆశన్నను గడియారం బొమ్మ గీయమంది. పెన్సిల్ పట్టి ఎరగని మనిషి, గుండ్రంగా ఓ రొట్టె గీసిచ్చాడు. అదీ తప్పట. బడి మొహం చూడనివాళ్లకు బడి పరీక్ష పెట్టి, తప్పారని రాసుకుపోయే వాళ్లదీ ఒక చదువేనా? ఎద్దు పుండు కాకికి ముద్దా!

ఈ జబ్బు ఎవరికి వస్తుందో కూడా చదివి వినిపించారు. చదువు లేనివాళ్లకు, చెవుడున్నవాళ్లకు, బీపీ, షుగర్ మాత్రలు సరిగా వేసుకోనివాళ్లకు, పలకరించే దిక్కులేనివాళ్లకు ఎక్కువట. బీదవాళ్లకు అని ఒక్క ముక్కలో అంటే పోయేది. ఆ మాట చెప్పడానికి ఇన్ని కాయితాలు, ఒక జీపు! నలభై ఏళ్లు బీడీ కార్ఖానలో వంకరబీడీలు ఏరి పారేసినవాణ్ణి. పనికిరాని సరుకు చూడగానే తెలుస్తుంది నాకు.

మీ అవ్వ వంతు వచ్చింది. "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగింది ఆ పిల్ల. మీ అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని తల దించుకుంది. ఆ పిల్ల ఇంటు గుర్తు పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏం సదివినవ్ బిడ్డా నువ్వు? మా ఆడోళ్లు మొగని పేరు చెప్తరా? పెండ్లయి యాభై ఏండ్లాయె, ఒక్కపారి నా పేరు చెప్పలే. దానికి తప్పు గీత గీస్తవా?" అన్నాను.

గల్లీ అంతా నవ్వింది. ఆ పిల్ల మొహం మాడ్చుకుని ఇంటు కొట్టేసి టిక్కు పెట్టింది. ఒక్క గడియారం బొమ్మ పోయింది గానీ, ముప్పైకి ఇరవై ఏడు వచ్చాయి మీ అవ్వకు. "అవ్వ హుషారున్నది" అని రాసుకున్నారు. తప్పినవాళ్లకు కామారెడ్డి దవాఖానలో తలకు స్కానింగ్ తీసి మందులిస్తారట. ఆ లిస్టులో మీ అవ్వ పేరు లేదు.

బీపీ మాత్రలు వేసుకుంటోందా అని అడిగావు. వేసుకుంటోంది. వేసుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ వేసుకుంటోంది. డబ్బా నేనే దాచిపెట్టాను.

నిరోషా, ఇంతసేపూ వాళ్లను తిట్టాను. తిట్టాల్సింది నన్ను. ఆ ఇరవై ఏడు మార్కులు మీ అవ్వవి కావు. నేను ఆ పిల్ల వెనకాల నిలబడి వారం, నెల, ఊరు అన్నీ పెదాలతో చెప్పాను. ఆమె నన్ను చూసి అప్పజెప్పింది. తప్పితే పింఛను ఆపుతారేమోనని అలా చేశానని ఆశన్నతో అన్నాను. అదీ అబద్ధమే. భూదవ్వ తప్పితే తప్పింది, నా పెండ్లాం తప్పడమేంది అనుకున్నాను. ఇంత నీచుణ్ణని నాకే తెలియదు.

నా పేరు అడిగినప్పుడు మాత్రం నేను పెదవి కదపలేదు. ఆమె సిగ్గుపడి చెప్పలేదనే అనుకున్నాను.

మొన్న బుధవారం పొద్దున చాయ్ పెట్టిచ్చాను. గ్లాసు అందుకుని నా మొహంలోకి చూసి, గల్లీకంతా వినపడేలా, "హన్మండ్లూ, మా ఆయన కార్ఖానకెల్లి ఇంక రాలేదా?" అంది.

యాభై ఏళ్లలో నా పేరు ఆమె నోట వినడం అదే మొదటిసారి. "వస్తడు, చాయ్ తాగు" అన్నాను. నా పెదాలు చూసి తలూపింది.

వచ్చే శనివారం సర్వేవాళ్లు కామారెడ్డి దవాఖానలో కూర్చుంటారట. ఆ పిల్ల దగ్గర తప్పు ఒప్పుకుని, మీ అవ్వకు మళ్లీ పరీక్ష పెట్టమంటాను. నేను గోడవైపు తిరిగి నిలబడతాను. నాతో బస్సెక్కుతుందో లేదో చూద్దామని నిన్న బస్టాండ్ దాకా నడిపించాను. బస్సు రాగానే నా చెయ్యి విదిలించుకుని ఇంటిదారి పట్టింది. అందుకే రాస్తున్నాను, నువ్వు రావాలి బిడ్డా. పరాయి మగవాడి వెంట మీ అవ్వ ఎన్నడూ బస్సెక్కలేదు.

ఇట్లు,
మీ బాపు