మార్గరెట్ వంతెన దాటిన రోజు

అన్నకు, వదినకు సరోజ నమస్కారాలు.

మేమిక్కడ బాగున్నాం. నీ దగ్గు తగ్గిందా? రాయి చెక్కేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, రోజూ వదినతో చెప్పించుకోవద్దు. పాప నంద్యాల కాలేజీకి బస్సులోనే పోయివస్తోందా?

మొన్న ఫోన్లో అడిగావు. "ఆ రెండు దేశాలు అన్నదమ్ముల మాదిరుండాయంటివి కదమ్మా, ఇప్పుడేందీ కొట్లాట?" అని. ఉలి చప్పుడులో నేను చెప్పింది నీకు సగమే వినబడింది. అందుకే రాస్తున్నాను.

మా ఊరు కెనడా అంచున ఉంది. నది మీద వంతెన దాటితే అమెరికా. మేం వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్లు పాలకూ పెట్రోలుకూ కూడా అటు పోయివచ్చేవాళ్లు. అక్కడ నాయకుడు మారాక మాట మారింది. ఇక్కడి సరుకు మీద పన్నులు వేశారు. మీ దేశాన్నీ మాలో కలుపుకుంటాం అన్నారు. ఆ మాట ఇక్కడివాళ్లకు గుచ్చుకుంది. అటు పోవడం మానేశారు. అంగళ్లలో అమెరికా పండ్లు కొనేవాళ్లు లేక వాడిపోయాయి.

నేను పనిచేసే వృద్ధాశ్రమం వంటింట్లో మార్గరెట్ అని పెద్దామె ఉంది. ఈ ఊళ్లో నన్ను మొదట పలకరించిన మనిషి. ఆమె అక్క పెళ్లయి ఎప్పుడో అవతలి ఒడ్డుకు వెళ్లింది. మార్గరెట్ భర్త పోయాక, చలికాలంలో ఆమె వాకిట్లో మంచు ఎత్తిపోసింది ఆ బావే, నది దాటి వచ్చి మరీ. కిందటేడు వాళ్లింట్లో భోజనాల దగ్గర ఆయన నవ్వుతూ, ఇంక మీరూ మావాళ్లే అవుతార్లే అన్నాడట. ఆమె పళ్లెం వదిలి లేచి వచ్చేసింది. మళ్లీ ఆ వంతెన ఎక్కనని ఒట్టు పెట్టుకుంది.

పోయిన నెల ఆ బావ చనిపోయాడు. కబురు వంటింట్లోనే మార్గరెట్‌కు తెలిసింది. తరుగుతున్న ఎర్రగడ్డలు పూర్తిచేసి, చేతులు కడుక్కుని, కారులో తీసుకుపోతావా అని నన్నడిగింది.

మా ఆయన ఒప్పుకోలేదు. "మనకు ఈడి పాస్‌పోర్టు ఉన్నా మొగం చూసి ఆపుతాండారు. ఆడ నిలబెట్టి ఏమన్నా అడిగితే ఏం చేస్తావ్?" అన్నాడు. ఆ భయం నాకూ ఉంది. కానీ ఆమెను ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. చివరికి ఆయనే, ఫోన్ చేతిలో పెట్టుకో అన్నాడు.

సరిహద్దులో అధికారి నన్ను ఎక్కడ పుట్టావని అడిగాడు. ఆళ్లగడ్డ అంటే మళ్లీ చెప్పమన్నాడు. ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. మార్గరెట్ ముందుకు వంగి, మా బావ పోయాడు, చూడ్డానికి పోతున్నాం అంది. వదిలేశాడు.

వాళ్ల అక్క తలుపు తీసి, "నువ్వు రావనుకున్నాను" అంది.

"నీ దేశానికి రాలేదు. మా బావ కోసం వచ్చాను."

అక్క చెల్లెలి కోటు తీసుకుని కొక్కేనికి తగిలించింది. పక్కనే బావ టోపీ వేలాడుతోంది, దాని మీద ఆ కొత్త నాయకుడి పేరు. ఆ పేరు వింటేనే మండిపడే మార్గరెట్ ఆ టోపీని తీసి, ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు ఏడ్చింది.

అంతా సర్దుకుందనుకోకు అన్నా. ఆమె మళ్లీ అటు పోలేదు. అక్కే వారానికోసారి ఇటు వస్తోంది. నాయకుల మాట వచ్చిందంటే గొంతులు లేస్తాయి, అక్క కాఫీ వదిలేసి కారెక్కుతుంది. మళ్లీ వారానికి వస్తుంది. దేశాలు ఏం చేస్తాయో నాకు తెలియదు. ఒకసారి మాట జారాక మళ్లీ నమ్మకం కుదరడానికి ఎంత కాలం పడుతుందో మాత్రం ఈ ఇద్దరిని చూస్తే తెలుస్తోంది.

మా ఆయన ఇప్పుడు లారీని అటు కాకుండా దేశం లోపలికే తోలుతున్నాడు. వారంలో సగం నేనొక్కదాన్నే. దిగులు పడొద్దు, అలవాటైంది. ఆయన స్నేహితుడు బనగానపల్లె నుంచి ఇక్కడికి బయలుదేరుతున్నాడు, అతనితో వదిన చేతి చెనిక్కాయల పొడి పంపు. ఇంట్లో పెద్దలకు నా దండాలు చెప్పి, మా ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించమను.

నీ చెల్లెలు,
సరోజ