రెండు సీట్ల సంబంధం

సూరత్

మీనాక్షి అక్కకు ఉష నమస్కారాలు.

ఫోనులో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, చివరికి ఎవరికీ ఏమీ వినపడదు. పెద్ద విషయాలు ఉత్తరాల్లోనే అని మనం పెట్టుకున్న నియమం నీకు గుర్తుందిగా. ఇది పెద్ద విషయమే.

నేను కారు కొంటున్నాను. స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు.

నవ్వకు. యాభై ఎనిమిదేళ్ల డాక్టరమ్మకు ఇదేం పిచ్చని బావ అంటాడు, అననీ. మొన్న పల్సానాలో ఒక పేషెంటును చూసి వస్తుంటే హైవే పక్కన షోరూం అద్దాల వెనక కనిపించింది. వాన పడబోయే ముందు హజీరా దగ్గర సముద్రం ఒక రంగులోకి మారుతుంది. నీలమూ కాదు, బూడిదా కాదు. ఆ రంగు. టాక్సీ ఆగలేదు గానీ నా ప్రాణం అక్కడే దిగిపోయింది. ఆదివారం మళ్లీ వెళ్లి చెయ్యి వేసి చూశాను. ఆ చల్లదనం ఇంకా అరచేతిలో ఉన్నట్టే ఉంది.

దీని కథ వింటే నీకూ మనసు కరుగుతుంది. ఇలాంటివాటిని కోరుకునేవాళ్లు లోకంలో తగ్గిపోయారట. ఏ కంపెనీకీ ఒంటరిగా గిట్టదు. ఇక చాలు, మానేద్దాం అనుకున్నారట. అప్పుడు ఒక జపాను కంపెనీ, ఒక జర్మనీ కంపెనీ, జన్మంతా పోటీపడ్డవాళ్లు, ఒకే ప్లాట్‌ఫాం మీద కలిశారు. ఒళ్లు జపానుది, గుండె జర్మనీది. విడిగా బతకలేనివాళ్లు కలిస్తే ఒక అందం బతికింది. ఇది విన్నప్పటి నుంచి ఓపీలో కూర్చున్నా మబ్బు మీద కూర్చున్నట్టే ఉంది నాకు.

లోపాలున్నాయి, దాచను. ఎత్తు బాగా తక్కువ. సామాను పెట్టుకోవడానికి చోటు లేదు. బాగా తాగుతుంది. కానీ చల్లపూట పైది తీసేస్తే ఆ అందమే వేరు.

శరత్ అని షోరూం ఆయన ఏర్పాట్లన్నీ చూస్తున్నాడు. ఇక్కడ మిగిలింది ఇదొక్కటేనట, ఇక రావట. బావకు ఎప్పుడైనా పనికొస్తుందని ఆయన కార్డు ఇందులో పెడుతున్నాను.

నీ చెల్లెలు,
ఉష

తా.క. డెలివరీ వచ్చే నెలలో. నువ్వు పక్కన ఉండాలి.

*

జగిత్యాల

చెల్లె ఉషకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మొదటిసారి చదివినప్పుడు కారనుకున్న. మల్ల చదివితే సమజైంది.

నాకు గూడ దాస్తవా? మీ బావ నన్ను సూసి పోయినంక నా దోస్తు మంగకు నేనేమని రాసిన్నో ఎరుకేనా? "మా ఇంటికి కొత్త కుట్టుమిషిను వస్తున్నది, నల్లగున్నది గాని సప్పుడు లేకుంట నడుస్తదట" అని రాసిన. నాయిన చదువుతడని భయం. గిసొంటి ఉత్తరాలు రాసుడు నేర్పిందే నేను, నా దగ్గరనే సూపెడుతున్నవా?

పెండ్లి చేసుకుంటవా, చేసుకో. ఇన్నేండ్లు వద్దు వద్దన్నవ్, ఇప్పుడు మనసైతే నేనెందుకు అడ్డమొస్త? గాని జర సోంచాయించాలె గదా. తల్లిది జపాను, తండ్రిది జర్మని అంటివి. పచ్చిపులుసు తింటడా? ప్లాట్‌ఫాం మీద కలిసిండ్రంటివి. రైల్వే స్టేషన్ల పరిచయమైనోన్ని ఎట్ల నమ్ముతవ్? ఎత్తు తక్కువంటివి, పోనీ, మన తాత గూడ పొట్టోడే. సామాను లేదంటివి, కట్టుబట్టలతోని వస్తున్నడన్నట్టు. గది గూడ సరే.

తాగుతడని నువ్వే రాస్తివి! డాక్టరువై ఉండి! "తాగుతుంది" అని రాస్తే నాకు తెల్వదనుకున్నవా?

నీ పెద్దక్క,
మీనాక్షి

తా.క. చల్లపూట పైది తీసేస్తే అందమంటివి. విగ్గా? బట్టతలకు సిగ్గెందుకు, మీ బావది దాసినమా?

ఇంకో తా.క. డెలివరీ అన్న ముక్క బావకు చదివి వినిపియ్యలే. ఆయనకు బీపీ.

*

సూరత్

అక్కకు ఉష నమస్కారాలు.

నీ ఉత్తరం ఆస్పత్రిలో చదివాను. నా నవ్వు విని నర్సు పరిగెత్తుకొచ్చింది. అమ్మతోడు, అది కారే. నాలుగు చక్రాల కారు.

ప్లాట్‌ఫాం అంటే రైలుది కాదే. కారు అడుగున ఉండే చట్రం. ఇల్లు కట్టేముందు పునాది వేస్తారు చూడు, అలాంటిది. ఆ పునాది వెయ్యడానికే వాళ్లకు బోలెడు ఖర్చు. అందుకని ఇద్దరూ కలిసి ఒక్కటే పునాది వేసి, దానిమీద ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకున్నారు. నేను కొనేదానికి ఇక్కడ ఒక పేరు. అదే చట్రం, అదే ఇంజనుతో జర్మనీ వాళ్ల ఇంట్లో ఇంకో పేరుతో తిరుగుతోంది. ఇందులో మోసమేమీ లేదు, లోకమంతా ఎరిగినదే.

ఇది నాకెందుకో చెప్పనా? ముప్పై ఏళ్లుగా కంపెనీ బస్సులో హజీరా ఫ్యాక్టరీ ఆస్పత్రికి పోయి వస్తున్నాను. కిటికీ పక్క సీటు, ముందు ఎవరిదో తల. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు తాపీ నది వంతెన కింద నీళ్లన్నీ రాగిరంగులోకి తిరుగుతాయి. అక్కడ ఒక్క నిమిషం ఆగితే బాగుండునని రోజూ అనిపిస్తుంది. బస్సు ఆగదు. అంబులెన్సు ఎక్కినా అంతే, ఎప్పుడూ ఎవరో నడుపుతుంటే నేను వెనక కూర్చోవడమే. లైసెన్సు ఎప్పుడో తీసుకుని దాచుకున్నదాన్ని, నాకు నచ్చిన చోట ఆగాలని ఉంది అక్కా. నాకు నచ్చినంత వేగంగా పోవాలని ఉంది. నిన్న రాత్రి కలలోకి కూడా వచ్చింది, కలలో ఆ కారుకు శబ్దమే లేదు. నీళ్ల మీద పోతున్నట్టు పోతోంది.

ఉష

తా.క. ఆ రోజు షోరూంలో చిన్న వేడుక చేస్తారట. పూలదండ వేస్తారు, కొబ్బరికాయ కొడతారు, తాళాలు చేతిలో పెడతారు, ఫోటో తీస్తారు. మంచి చీర కట్టుకురా.

*

జగిత్యాల

ఉషకు అక్క రాసేది.

పూలదండ. కొబ్బరికాయ. ఫోటో. "తాళాలు" అని రాసినవ్. తాళి అని రాయనీకె చెయ్యి రాలేదా?

అన్నిటికన్న పెద్ద ముచ్చట నీకు తెల్వకుంటనే బయటపెట్టినవ్. జర్మనిల ఇంకో ఇల్లున్నది! ఆడ ఇంకో పేరు! ఈడ నీ పేరు మీద ఒక సంసారం, ఆడ ఇంకొకామెతోని. మల్ల "లోకమంతా ఎరిగినదే" అట! నా చెల్లె ఇంత అమాయకురాలా అని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. బావను అడిగితే "ఉష తెలివిగలది, కారే అయ్యుంటది" అన్నడు. ఆయనకేం తెలుసు, తనను కుట్టుమిషిను అన్నరన్న సంగతే ఆయనకు ఇప్పటిదాక తెల్వదు.

ఇగ ఊకుంటే లాభం లేదనుకొని నువ్వు పంపిన కార్డు తీసి ఆ శరత్‌కు ఫోన్ చేసిన. పెండ్లిళ్ల పేరయ్య కార్డు మీద కారు బొమ్మ గూడ ఏయించుకున్నడు, ఎంత హుషారో! మనిద్దరి గొంతు ఒక్కటే గదా, "నేను డాక్టర్ ఉషాదేవిని" అన్న.

"బోలియే మేడం," అన్నడు.

"నాకు నక్కో. క్యాన్సల్," అన్న.

"మేడం, పక్కా? దూసరీ పార్టీ రెడీ హై."

"దూసరీ పార్టీ కో దేదో," అన్న, ఆ రెండోళ్లకే ఇచ్చుకోమని.

సూసినవా? నువ్వు కాదంటే ఇంకొకామెను రెడీగ పెట్టుకున్నరు. గిదీ వాళ్ల కథ. నీ మెడ తప్పించిన. నాలుగు రోజులు కోపమొస్తది, తర్వాత నాకే దండం పెడ్తవ్.

నీ మంచి కోరే,
మీనాక్షి

తా.క. జర్మనిల ఉన్నామె అడ్రసు దొరికితే పంపు. ఆమెకు గూడ ఒక ఉత్తరం రాస్త.

*

సూరత్

అక్కకు,

షోరూంకు వెళ్లాను. అద్దాల వెనక ఖాళీగా ఉంది. నేల మీద టైర్ల గుర్తులు మాత్రం మిగిలాయి. "మీరే ఫోన్ చేసి వద్దన్నారు కదా మేడం," అన్నాడు శరత్.

దీనితో ఒక ఫోటో పంపుతున్నాను. చూడు. ఇదీ నీ జర్మనీ మరిది.

నా మీద ప్రేమతోనే చేశావని తెలుసు, అందుకే తిట్టలేకపోతున్నాను. తిట్టగలిగితే బాగుండేది. మళ్లీ బస్సెక్కాను. వంతెన కింద నీళ్లు రాగిరంగులోనే ఉన్నాయి. నేను కళ్లు మూసుకున్నాను.

ఉష

తా.క. ఫోటోలో కారు పక్కన నిలబడ్డది శరత్. ఆయనకు పెళ్లయింది. నువ్వు మళ్లీ ఏమీ అనుకోకు.

*

జగిత్యాల

నా బంగారు చెల్లెకు, మొకం లేని అక్క రాసేది.

ఫోటో సూసిన. చక్రాలున్నయ్. అద్దాలున్నయ్. బావకు సూపెట్టిన. చాయ తాగి, ఫోటోను దేవుని పటం పక్కన పెట్టి, "ఎంత మంచిగున్నదే" అన్నడు. గంతే, నాకు ఏడుపొచ్చింది.

అన్నం పోతలేదు ఉషా. నా పెండ్లికి ముందు నేను గూడ ఒక కల కన్న. ఏం కలనో ఇప్పుడు యాదికి లేదు. నీ కల యాదిల ఉన్నది, దాన్ని నేనే ఫోన్ల అమ్మేసిన. నక్కో అని చెప్పి.

ఒక్కటి చెప్త, ఇను. ఆ కొన్నాయన ఎవరో శరత్‌ను అడుగు. మనిషే గదా, పులి గాదు. పోయి ఉన్నదున్నట్టు చెప్పు. "మా అక్కకు పిచ్చి, నా కారు నాకియ్యిండ్రి" అను. నా పేరు పెట్టి ఎంతన్న తిట్టు, నాకు సమ్మతమే. ఇస్తే ఇస్తడు, లేకుంటే ఒక్కసారి కూసోనిస్తడు. నువ్వు పోకుంటే నేనే రైలెక్కి వచ్చి ఆయన కాళ్లు పట్టుకుంట.

నీ అక్క

తా.క. మన ఊరి ముత్యం సూరత్ వస్తున్నడు, నువ్వుల ముద్దలు పంపిన. సగం నువ్వు తిను, సగం ఆయనకియ్యి. తీపి తిన్నోడు లేదనలేడు.

*

సూరత్

మా పెద్దక్కకు ఉష నమస్కారాలు. ఇది కూర్చుని చదువు. బావను పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన బీపీ మాత్ర వేసుకున్నాక చదువు.

నువ్వు రైలెక్కుతావన్న భయంతోనే వెళ్లాను. శరత్ పేరూ ఇల్లూ చెప్పాడు. కామ్‌రేజ్‌లో ఒంటరిగా ఉంటున్న వీరరాఘవులు గారు. మనవాళ్లే, కొత్తగూడెం. హజీరాలో మా కంపెనీ డిజైను సెక్షనులోనే పనిచేసి రిటైరయ్యారు. ఎన్నేళ్లు ఒకే గేటులోంచి వెళ్లామో, ఒక్కసారీ ఎదురుపడలేదు.

నేను వెళ్లేసరికి గేటు తీసే ఉంది. కారు పోర్టికోలో ఉంది, పైకప్పు తీసి. అందులో ఆయన ఒక్కరే స్టీరింగు పట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఇంజను ఆగే ఉంది.

దారిలో కూర్చుకున్న మాటలు అప్పజెప్పడం మొదలుపెట్టాను. "నమస్కారమండీ, మా అక్క పొరపాటున..."

"అమ్మా, మీరెవరైనా సరే, ఏం కావాలన్నా సరే," అన్నారాయన, "ముందు ఒక చెయ్యి ఇవ్వండి. పొద్దుటి నుంచి దిగలేకపోతున్నాను."

మోకాళ్లు. కొన్నప్పటి నుంచీ అంతేనట. ఎక్కడం వస్తుంది, దిగడం రాదు. రోజూ పాలవాడు వచ్చి లాగుతాడు, ఆ రోజు పాలవాడు రాలేదు. నేను రెండు చేతులూ పట్టి లాగాను. ఆయన బయటికి వచ్చారు గానీ ఇద్దరం కలిసి పూలకుండీ మీద పడ్డాం. లేచి మట్టి దులుపుకుంటూ నవ్వడం మొదలుపెట్టారు. నాకూ ఆగలేదు. ఎందుకొచ్చానో చెప్పడానికి చాలాసేపు పట్టింది.

అంతా విని ఆయన, "కారు మీరే తీసుకోండి, ఇది నడపడం నావల్ల కాదు. క్లచ్ తొక్కితే ప్రాణం పోతోంది. కానీ ఒక్క మాట. ఇలాంటివి ఎలా తయారవుతాయో తెలుసుకోవడమే నా జీవితమంతా. రెండు శత్రు కంపెనీలు కూర్చుని, నీ దగ్గరున్నది నువ్వు పెట్టు, నా దగ్గరున్నది నేను పెడతాను అనుకోకపోతే ఇది పుట్టేదే కాదు. అప్పుడప్పుడు వచ్చి దాని గుండె చప్పుడు వినిపించి పోతారా?" అన్నారు.

తీసుకుపోతానన్నాను. ఆ మాట అంటూనే, ఆయన ఇచ్చిన తాళాలు తిరిగి ఆయన చేతిలోనే పెట్టేశాను. ఎందుకో నాకే తెలీదు.

అప్పటి నుంచి ఆదివారాలు నేను నడుపుతున్నాను, ఆయన పక్కన కూర్చుని వింటారు. "ఇప్పుడు గేరు మార్చండి, అడుగుతోంది," అంటారు. నిజంగానే అడుగుతుంది అక్కా. తెల్లారక ముందు సువాలి సముద్రపు ఒడ్డుకు పోతాం. రోడ్డు మీద మేమూ, ఉప్పుగాలీ. మంచులో హజీరా పొగగొట్టాల దీపాలు నేల మీదికి దిగిన చుక్కల్లా ఉంటాయి. వేగం పెంచితే అవన్నీ ఒక గీతగా సాగుతాయి, ఆ గీత లోపల మేమిద్దరం. వచ్చేటప్పుడు తాపీ వంతెన పక్కన ఆపుతాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు. ఇంజను ఆపాక వచ్చే నిశ్శబ్దాన్ని కూడా ఆయన వింటారు.

పోయిన ఆదివారం అక్కడే అడిగాను. అవును, నేనే అడిగాను. "మనిద్దరం ఒకే ప్లాట్‌ఫాం మీదికి వస్తే ఎలా ఉంటుంది?" అని. ఆయన, "పైకి ఎవరి పేరు వాళ్లు పెట్టుకోవచ్చా?" అన్నారు. పెట్టుకోవచ్చన్నాను.

వచ్చే నెలలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి.

అక్కా, నువ్వు ఆపిన పెళ్లి అసలు లేనే లేదు. నువ్వు ఆపడం వల్లే ఇప్పుడుంది.

మీ ఇద్దరి ఆశీస్సులు కోరుతూ,
ఉష

తా.క. పెళ్లికొడుకు ఆఫీసు ముందు కారులోంచి దిగాలి. పాలవాడు ఆ రోజు ఊరెళ్తున్నాడట. బావను తప్పకుండా తీసుకురా, భుజబలం ఉన్న మనిషి.