మూడు కత్తెర్లు

మాచవరం, విజయవాడ
ఫిబ్రవరి 24

చెల్లెలు దీవెనకు,

మరియ తల్లి చల్లని చూపు నీ మీదా, మరిదిగారి మీదా ఉండాలని తలచుకుంటూ పెద్దక్క రాస్తున్నది. ఇక్కడ మేం అంతా క్షేమం. నడిపక్క గుంటూరులో బాగానే ఉంది. నీ కూతురు కీర్తన నా పక్కన కూర్చుని, ఈ కాగితం మీద తనూ రాస్తానంటోంది. మూలన కనిపించే గీత తనదే.

ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు నన్ను పూర్తి చేయనివ్వవు. మా వీధి చివరి వినీల రేపు గన్నవరంలో విమానం ఎక్కి మస్కట్ వస్తోంది. తన చేతికిస్తున్నాను.

నువ్వు అడిగినవి. పాప దగ్గు తగ్గింది. డాక్టరు మందు వల్లనో, మీ అత్తగారి కషాయం వల్లనో తెలియదు, రెండూ తాగింది. నా మోకాలు అలాగే ఉంది. నువ్వు పంపిన పట్టీ కట్టుకుంటున్నాను. ఇక నీ ఉత్తరంలో చివరి మాట: "పాప జుట్టు మీద కత్తెర పడనివ్వకు పెద్దక్కా. ఉగాది వెళ్లగానే తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించాలని అత్తయ్య ఎప్పటినుంచో అనుకుంటున్నారు." దానికి జవాబు ఇప్పుడే రాయలేను. ముందు ఆదివారం సంగతి విను.

ఆదివారం గుణదల కొండ ఎక్కాం. తిరునాళ్ల రద్దీ తగ్గాక వెళ్లి, మరియ తల్లితో ఒక మాట చెప్పుకోవాలని నా ఆలోచన. ఆ మాట పాప జుట్టు గురించే. పొద్దున పాపకు గౌను వేస్తుంటే మీ అత్తగారు మైలవరం నుంచి మొదటి బస్సుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సంచి నిండా జామకాయలు.

"ఎక్కడికండీ ఇంత పొద్దున్నే?"

"కొండకి."

"పిల్లని ఎత్తుకునా? ఆ మోకాలుతోనా?"

"మెల్లగా ఎక్కుతాను."

"ఆఁ, ఎక్కుతారు! గన్నవరం మా చెల్లెలింటికి వెళ్లినప్పుడల్లా బస్సులోంచి ఆ శిలువ చూట్టమేగానీ ఒక్కసారీ ఎక్కలేదు. పదండి, నేనూ వస్తా."

జామకాయలు లోపల పెట్టి తాళం వేశాను. దారిలో ఆవిడ కొబ్బరికాయ కూడా కొన్నారు.

ఆవిడ మెట్ల పక్కనున్న ఒక్క శిలువమార్గం బొమ్మనూ వదల్లేదు.

"ఇక్కడేవైందండీ?"

"శిలువ బరువుకి ప్రభువు పడిపోయారు."

ఇంకాస్త పైకి వెళ్లాక, "ఈయనెవరు?"

"దారినపోయే మనిషి. శిలువ మోయడానికి సాయం పట్టాడు."

"పోన్లెండి, ఒక్కడన్నా ఉన్నాడు."

ఏడో స్థలం బొమ్మ దగ్గర ఆగిపోయారు. "మళ్లీ పడ్డారా?"

"ఇంకోసారి కూడా పడతారు."

"అయ్యో, ముందే చెప్పకండి!"

అక్కడినుంచి పాపను తనే ఎత్తుకున్నారు. "ఇటివ్వండి. మీ మోకాలి చప్పుడు నాకు వినపడుతోంది" అన్నారు. ఆవిడ ఆయాసం నాకూ వినపడింది.

పైన శిలువ దగ్గర మంచి గాలి. కింద ఊరంతా ఇంకా మంచులో ఉంది. రైలు పట్టాలు, ఏలూరు కాలువ, దూరంగా కృష్ణ మీద పలచటి ఎండ. పడమర కొండపల్లి పొగగొట్టాలు కూడా కనిపించాయి. "నాయనమ్మా, మన బస్సేదీ?" అని పాప ఒకటే గొడవ. గాలికి దాని జుట్టు మొహం నిండా పడింది. మీ అత్తగారు చేత్తో వెనక్కి దువ్వుతూ, "తిరుపతి దాకా దీన్ని జాగ్రత్తగా చూడాలండీ, చిక్కులు పడుతోంది" అన్నారు.

ఇక దాచడం నావల్ల కాలేదు. ఆవిడకు చెప్పిందే నీకూ చెబుతున్నాను దీవెనా. మూడేళ్లుగా దాచిన మాట.

పాప పన్నెండు వందల గ్రాములతో పుట్టి అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, పదకొండో రోజున డాక్టరు సాయంత్రం దాకా చూద్దాం అన్నాడు. నీకు ఒళ్లు తెలియని జ్వరం. నేను ఆసుపత్రి నుంచి తిన్నగా గుణదల వెళ్లాను. ఈ బిడ్డ బతికితే పుట్టువెంట్రుకలు నీకే తల్లీ అని మొక్కుకున్నాను. నిన్ను అడగలేదు, మరిదిగారిని అడగలేదు. తరవాత వాళ్ల తిరుపతి మొక్కు సంగతి తెలిసింది. అప్పుడప్పుడే రెండిళ్ల మధ్య రాకపోకలు మొదలయ్యాయి. నా నోటితో వాటిని చెడగొట్టుకోలేకపోయాను. ఏప్రిల్లో పాపకు మూడేళ్లు నిండుతాయి. నీ ఉత్తరం చూశాక, మొక్కు తీర్చలేనని, క్షమించమని అడగడానికే కొండకు బయల్దేరాను. అంతే.

ఆవిడ మెట్టు మీద కూర్చున్నారు. పాపను అవతలి పక్కకు జరుపుకున్నారు. లేచి, పిల్లను తీసుకుని వెళ్లిపోతారనుకున్నాను. మళ్లీ నీ పెళ్లినాటి మాటల్లేని రోజులు వస్తాయనుకున్నాను. లోపల చెప్పుకుంటున్న మంగళవార్త జపం సగంలో మరిచిపోయాను.

"నన్ను అడక్కుండానే మొక్కేశారా?"

"అడగలేదండీ. నాదే తప్పు."

ఆవిడ పాప మొహం మీది జుట్టు మళ్లీ వెనక్కి తోశారు.

"అప్పుడు నేను పంతానికి పోయి ఆసుపత్రికి రాలా. మంచం మీద పడి ఏడ్చా గానీ బస్సెక్కలా. మీరొచ్చి మొక్కారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కాదంటానండీ?" కొంగుతో మొహం తుడుచుకున్నారు. "అట్టాగని వెంకన్నకి ఎగ్గొట్టలేం. ఒక పని చేద్దాం. గుండు చేయించుకోని ఆడవాళ్లం మూడు కత్తెర్లిస్తాంగా? ఇక్కడ మూడు కత్తెర్లు. మిగతాది తిరుపతిలో."

"మరి స్వామికి పుట్టువెంట్రుకలే కావాలిగా?"

"దాని తలమీద ఉన్నవన్నీ పుట్టువెంట్రుకలేనండీ. రెండోసారి మొలిచినవి ఒక్కటీ లేవుగా!"

నాకు నవ్వు వచ్చింది. కొండమీద అంత గట్టిగా నేనెప్పుడూ నవ్వలేదు.

దిగేటప్పుడు గుహలో మరియ తల్లి ముందు కొబ్బరికాయ కొట్టి, కింద తలనీలాలు తీసే చోటుకు వచ్చాం. "మూడేనా అమ్మా?" అన్నాడు మంగలి. "మూడే. నాలుగోది తీశావో, ఊరుకోను" అన్నారు మీ అత్తగారు. అంతలో ఆవిడకే గుర్తొచ్చింది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోకుండా కత్తెర పెట్టకూడదట. మాకు అన్నదమ్ములు లేరని గుర్తుచేశాను.

"మీ అమ్మగారు పోయాక మీ చెల్లెళ్లని సాకింది ఎవరు? మీరేగా? మేనమామైనా మీరే. కూర్చోండి."

కూర్చున్నాను. పాపను ఒళ్లో పెట్టారు.

"వదినగారూ, తల గట్టిగా పట్టుకోండి."

నాలుగేళ్లలో ఆవిడ నన్ను వరస పెట్టి పిలవడం అదే మొదలు. పాప ఏడవలేదు. మూడూ అయ్యాక "ఇంకా?" అంది. చెవి వెనకే తీశాడు, బయటికి తెలియదు. ఆ వెంట్రుకలు తల్లి పాదాల దగ్గర పెట్టి వచ్చాను. ఆ రోజు జపమాల మధ్యలో ఎక్కడా ఆగలేదు.

తిరుపతికి నేనూ రావాలట, ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి. వెళ్తాను.

నువ్వు ముట్టుకోవద్దన్నావు. ముట్టుకున్నాం. ఆటోలో మీ అత్తగారు నాతో, "దీవెనకి మీరేం రాయకండి వదినగారూ. నేనే పట్టుబట్టి చేయించానని చెప్తా. నన్నైతే ఏమీ అనదుగా" అన్నారు. కనుక ఇవాళో రేపో ఆవిడ నీకు ఫోన్ చేస్తారు. అంతా తన పట్టుదలే అంటారు. నమ్మకు. మొక్కు నాది, అడక్కపోవడం నా తప్పు. కోపం వస్తే నా మీదే చూపించు. కానీ ఆవిడ చెబుతుంటే మాత్రం అడ్డు రాకు. చివరి దాకా విని, ఊఁ కొట్టు.

ఇట్లు,
నీ పెద్దక్క