పసుపు రంగు టాపు

తెనాలి,
14-11-2006.

చిరంజీవి ఫరూక్‌కు అమ్మ దువాలతో రాసేది. అల్లా దయవల్ల ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. హైదరాబాదులో నువ్వు కూడా వేళకి తింటున్నావనే అనుకుంటాను, నీ సంగతి తెలిసి కూడా.

నా మోకాళ్ళ గురించి అడిగావు. అవి నాకంటే ముందే ముసలివయ్యాయి, వాటిని పట్టించుకోకు.

మీ రాకెట్టు పరీక్షలో నెగ్గిందని రాసిన ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. హెలికాప్టర్ నుంచి వదిలే పాత రాకెట్టు ఎటో పోయి ఎక్కడో పడుతుందనీ, మీరు దాని ముక్కుకి చవకలో ఒక కన్ను పెట్టారనీ, లేజరు వెలుగు ఎక్కడ వేస్తే సరిగ్గా అక్కడికే పోతుందనీ రాశావు. "గురి తప్పదమ్మా, ఇక పక్కనున్నవాళ్ళు చావరు" అన్నావు. చిన్నప్పుడు గోళీ కూడా గురిగా కొట్టలేనివాడివి, ఎంతవాడివయ్యావో అని నవ్వుకున్నాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఎందుకో చెబుతాను.

మీ ఆఫీసులో నీకు షీల్డు ఇచ్చే రోజు నాన్న ఎందుకు రానంటున్నారని అడిగావు. ఆయన ఈమధ్య షెడ్డుకే వెళ్ళడం లేదు. ఇన్నేళ్ళూ లారీలకి రంగులేసి మిమ్మల్ని పెంచిన మనిషి, మొన్న బాపట్ల నుంచి వచ్చిన లారీని ముట్టుకోకుండానే వెనక్కి పంపేశారు. పసుపు రంగు డబ్బాలన్నీ మూటగట్టి అటకెక్కించారు.

తమ్ముడు ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నాడని కూడా రాశావు. హిదాయతుల్లాకి నీమీద కోపం లేదు నాయనా. వాడికి ఎడమ చెవి పోయింది. కువైట్‌లో కాంట్రాక్టు అయిపోయి వచ్చేశాడని నీకు చెప్పింది అబద్ధం. జీతం ఎక్కువని ఇరాక్‌కి లారీ తోలాడు. రేపల్లె కుర్రాడు మార్కు కూడా అదే లారీ మీద రెండో డ్రైవరు. హెలికాప్టర్లంటే భయంగా ఉందని తమ్ముడు ఫోను చేస్తే మీ నాన్న, "కేబిన్ టాపు మీద నిండా పసుపు కొట్టరా. పైనుంచి చూసేవాడికి ఇది మామూలు లారీ అని తెలుస్తుంది" అన్నారు. వాడు అలాగే కొట్టాడు.

ఒకరోజు దారిలో లారీలన్నీ ఆగితే వీడు నమాజుకని దిగి కాస్త దూరంగా వెళ్ళాడు. మార్కు కేబిన్లో పడుకున్నాడు. హెలికాప్టర్ వచ్చింది. ఎవరిదో, ఎందుకొచ్చిందో వీడికి తెలియదు. ముందు లారీకి మంట అంటలేదట, వెనక లారీకి గీత పడలేదట. రాకెట్టు సరిగ్గా ఆ పసుపు మీదే పడింది. మార్కు నిద్రలోనే పోయాడు. ఆ మోతకే వీడి చెవి పోయింది.

"అన్నయ్యకి చెప్పకమ్మా, మనసు విరిగిపోతుంది" అని తమ్ముడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇవాళ తప్పుతున్నాను. నిన్న రేపల్లె వెళ్ళాను. మార్కు వాళ్ళమ్మ నాకు టీ ఇచ్చి పక్కన కూర్చుని, "మీ పెద్దోడు ఇంజనీరంట కదక్కా. అది గురి తప్పి పడిందేమో కనుక్కుని చెప్పవా?" అంది. తప్పి పడిందంటే ఆవిడకి కాస్త ఊరట. టీ గ్లాసు అక్కడే పెట్టేసి బస్సెక్కేశాను. ఆవిడకి ఏం చెప్పాలో నువ్వే రాయి.

ఉద్యోగం మానెయ్యమని అనను. ఒక్కటే అడుగుతాను. ఆ వెలుగు వేసేవాడికి లోపల ఎవరు పడుకున్నారో కనబడుతుందా? కనబడకపోతే ముందు దాని సంగతి చూడండి నాయనా. ఖర్చు ఎక్కువైనా ఫర్వాలేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తుండే అమ్మ,
కరీమాబీ