బాడుగ లేని గుర్రం

కడప, 10 జూన్ 1953

ప్రియమైన లేవీ,

మిల్లులో కొలువు కుదిరింది. ఇక్కడ గుర్రాన్ని కట్టేసే చోటు లేదు. నీ దగ్గరే ఉండనీ, పాఠాలు చెప్పడానికి మూడు ఊళ్ల బడులకు కాళ్లరిగేలా నడిచే బాధ తప్పుతుంది. బాడుగ మాటెత్తితే నాకు కోపం వస్తుంది. పటాలంలో ఒకే కంచంలో తిన్నవాళ్లం. ఉలవలు పెట్టు, లాడాలు కొట్టించు, చాలు.

ఒక్కటే. మా వీధిలో మాత్రం దిగి నడిపించుకుపో. "మాలపల్లె మనిషి మన వాకిలి ముందర గుర్రమెక్కి పోతాంటే నేను చూస్తా కూచోవాల్నా?" అని నాయన పట్టు. ముసలాయన, సర్దుకో.

నీ గోపన్న

*

కోయిలకుంట్ల, 16 ఆగస్టు

ప్రియమైన గోపన్నా,

నీ గుర్రానికి నాకన్నా రాజసం ఎక్కువ. నానబెట్టని ఉలవలు మూతి కూడా పెట్టదు. మీ వీధి మొదట వేపచెట్టు దగ్గర దిగుతున్నాను. మొదట్లో కళ్లెం లాగేవాణ్ని, ఇప్పుడు అదే ఆగుతోంది. రత్నమణికి ఆరో నెల. "నీ జతగాడు శానా మంచోడు" అంటుంది.

నీ లేవి

*

కడప, 20 అక్టోబరు

ప్రియమైన లేవీ,

"లేవి మర్యాద తెలిసినోడు, ఒక్కనాడూ ఎక్కి పోలేదు" అని నాయన జాబు రాయించాడు. నాకెంత తృప్తిగా ఉందో. కాన్పుకు గుర్రం కావాలంటే నన్ను అడగక్కర్లేదు. మగబిడ్డయితే నా పేరు పెట్టాలి.

నీ గోపన్న

*

కోయిలకుంట్ల, 23 నవంబరు

గోపన్న గారికి,

శనివారం మధ్యాహ్నం రత్నమణికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఆసుపత్రికని గుర్రమెక్కించాను, దారి మీ వీధిలోంచే. వేపచెట్టు దగ్గర అది దానంతటదే ఆగింది. ఊరంతా శనక్కాయ పెరకడానికి చేలకు పోయింది. వీధిలో ఒక్క మనిషి లేడు. దిగొద్దని నేను అనేలోపే ఆమె దిగింది.

"ఇచ్చిన మాట ఉండాది గదా. నడుస్తా, పట్టుకో" అంది.

మీ వాకిలి ముందర కూలబడింది. మళ్లీ గుర్రమెక్కే ఓపిక లేదు, ఎత్తుకుని తీసుకుపోయాను. ఆమె ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ. మీ పేరే అనుకున్నాం.

బాడుగ వద్దన్నారు మీరు. వద్దన్నారనే నేనూ మురిసిపోయాను. మీ వీధిలో దిగిన ప్రతిసారీ కడుతూనే ఉన్నానని ఇప్పుడు తెలిసింది.

ఈ ఉదయం గుర్రాన్ని మీ ఇంట్లో అప్పగించాను. ఎక్కే వచ్చాను. వేపచెట్టు దగ్గర అది ఆగింది, నేను అదిలించాను. మీ నాయన అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు.

ఉలవలు నానబెట్టి పెట్టమనండి.

లేవి